మట్టి కాదు... నీరే గోడను తోస్తుంది!

ఇంటి స్థలం రోడ్డుకన్నా నాలుగడుగులు ఎత్తులో ఉంది. ముందువైపు మట్టి జారకుండా ఓ గోడ కట్టాలి. ‘ప్రహరీకి తెచ్చిన ఆరంగుళాల సిమెంటు ఇటుకలు మిగిలాయిగా, వాటితోనే లేపేద్దాం’ అంటాడు మేస్త్రి. ఖర్చు కలిసొస్తుందని ఇంటాయన తలూపుతాడు. రెండు వానాకాలాలు గడిచేసరికి గోడకు పొట్ట వస్తుంది. మూడో ఏడు వీధిలోకి ఒరుగుతుంది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరులో జిల్లా కేంద్రాలయ్యాయి. ఊళ్లు పెరిగేకొద్దీ గుట్ట వారలూ, వాగు ఒడ్డులూ, పల్లపు చెలకలూ ప్లాట్లవుతున్నాయి. ఎత్తుపల్లాలున్న చోట ఇల్లు కడితే మట్టిని ఆపే గోడ తప్పదు. అది కూలితే పోయేది డబ్బు ఒక్కటే కాదు. 2024 మే 7న కురిసిన భారీ వానకు హైదరాబాద్ శివారు బాచుపల్లిలో కడుతున్న ఓ అపార్ట్‌మెంట్ రిటైనింగ్ వాల్ కూలింది. పొట్టకూటికి వలస వచ్చిన ఏడుగురు చనిపోయారు. వారిలో ఓ పసివాడూ ఉన్నాడు.

ఎత్తు రెట్టింపైతే...

ప్రహరీ తన బరువు తాను మోస్తే చాలు. మట్టిని ఆపే గోడ అలా కాదు, పక్క నుంచి వచ్చే తోపుడును రాత్రీపగలూ కాచుకోవాలి. మీటరు ఎత్తు గోడను మామూలు మొరం నేల ప్రతి మీటరు పొడవుకూ సుమారు 300 కిలోల బలంతో తోస్తుంది. గోడ ఎత్తు రెండు మీటర్లయితే ఆ తోపుడు 600 కాదు, 1,200 కిలోలు. ఎత్తు రెట్టింపైతే తోపుడు నాలుగింతలవుతుందన్నమాట. వెనక నీరు నిండితే అది మళ్లీ రెట్టింపవుతుంది. ఆరంగుళాల గోడ వానాకాలంలోనే పడిపోవడానికి కారణం ఇదే.

దేనికి ఏ దిమ్మె?

ఘన సిమెంటు దిమ్మెలు: మూడడుగుల లోపు గోడకు బాగుంటాయి. అయితే ఒంటి వరస పనికిరాదు. అడుగున 16 నుంచి 18 అంగుళాల మందం వచ్చేలా అడ్డంగా, నిలువుగా కలిపి పేర్చాలి.

బోలు దిమ్మెలు: ఖాళీగా వదిలేస్తే ఇవి బలహీనం. పునాదిలోంచే ఇనుప చువ్వలు లేపి, రంధ్రాల్లోంచి పైకి తెచ్చి, కాంక్రీటు నింపితే గట్టి గోడవుతుంది. మూడు నుంచి ఐదడుగుల ఎత్తుకు ఎనిమిదంగుళాల బోలు దిమ్మెలు ఎంచుకోవచ్చు. చువ్వల లెక్క మాత్రం ఇంజినీరే చెప్పాలి.

రాయి: గ్రానైట్ రాయి దొరికే మహబూబాబాద్ వైపు దీన్నీ ఆలోచించవచ్చు. అడుగు వెడల్పు ఎత్తులో కనీసం సగం ఉండాలి, మూడింట రెండొంతులుంటే మరీ మంచిది. అంత స్థలం పోతుందని ముందే లెక్కేసుకోవాలి.

ఫ్లైయాష్ ఇటుకలు: భూపాలపల్లి దగ్గర చెల్పూరులో థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అలాంటి కేంద్రాల బూడిదతోనే ఈ ఇటుకలు తయారవుతాయి. ఇంటి గోడలకు ఇవి భేషుగ్గా ఉంటాయి. కానీ నిబంధనల ప్రకారమే ఇవి తమ బరువులో 20 శాతం దాకా నీరు పీల్చవచ్చు. సిమెంటు దిమ్మెలకు ఆ హద్దు 10 శాతమే. ఏడాదంతా తడిమట్టిని ఆనుకునే గోడకు ఏది మేలో చెప్పనక్కర్లేదు. తేలికైన ఏఏసీ దిమ్మెల జోలికైతే అసలు పోవద్దు.

ఐదడుగులు దాటితే మేస్త్రి అనుభవం ఒక్కటే చాలదు. స్ట్రక్చరల్ ఇంజినీరుతో ఆర్‌సీసీ గోడ డిజైన్ చేయించుకోవాల్సిందే.

తూకం వేయండి, నానబెట్టండి

కొనేముందు రెండు పరీక్షలు ఇంట్లోనే చేసుకోవచ్చు. 16 అంగుళాల పొడవు, 8 అంగుళాల ఎత్తు, 6 అంగుళాల మందం ఉన్న ఘన దిమ్మె 22 కిలోలకు తగ్గకూడదు. తగ్గిందంటే లోపల గుల్ల ఉన్నట్టే. ఎండిన దిమ్మెను తూచి, ఒక రోజంతా నీళ్లలో ఉంచి మళ్లీ తూచాలి. 22 కిలోల దిమ్మె 2.2 కిలోలకు మించి బరువు పెరిగితే వద్దనండి. పోసి 28 రోజులు నిండని దిమ్మెలు దించుకోవద్దు. వాటికి కనీసం 14 రోజులు నీళ్లు పట్టారో లేదో అడగాలి.

నీటికి దారి

దిమ్మె ఎంత మంచిదైనా నీటికి దారి లేకపోతే గోడ నిలవదు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం, ఇంటికన్నె మధ్య వరదకు రైలు పట్టాల కింది కంకర, మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. రైలు బరువు మోసే కట్టనే నీరు ఊడ్చేసిందంటే ఇంటి ముందు గోడ ఎంత?

అందుకే గోడలో ప్రతి నాలుగైదు అడుగులకు మూడంగుళాల పీవీసీ పైపు ముక్కను బయటికి వాలుగా పెట్టాలి. గోడ వెనక అడుగు వెడల్పున కంకర నింపి, మట్టి చేరకుండా మధ్యలో ఫిల్టర్ బట్ట వేయాలి. దాని వెనక మొరం పోసి, అర అడుగుకోసారి దిమ్మిస కొట్టాలి. నల్లరేగడి మాత్రం నింపొద్దు. తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలిచ్చే ఆ మట్టి గోడను నెడుతూనే ఉంటుంది. డాబా మీది వాననీటి గొట్టాన్ని గోడ వెనక వదలకూడదు. నీళ్ల సంపు, సెప్టిక్ ట్యాంకు గోడకు దూరంగా ఉండాలి. దాని మీద ప్రహరీ లేపాలన్నా, పక్కన కారు నిలపాలన్నా ఆ బరువు ముందే ఇంజినీరుకు చెప్పాలి.

ఇదేమీ కొత్త విద్య కాదు. భూపాలపల్లి జిల్లా ఘణపురంలో కాకతీయుల నాటి గణపసముద్రం ఉంది. చెరువు కట్టే వాళ్లు కట్టతోపాటే తూమూ, అలుగూ ఆలోచించేవాళ్లు. నీటిని ఆపేవాడికి నీటిని వదలడమూ తెలిసుండాలి. పైపు ముక్కలకూ కంకరకూ అయ్యే ఖర్చు మొత్తం గోడ ఖర్చులో చిన్న భాగమే. మేస్త్రి వద్దన్నా అది మాత్రం మిగుల్చుకోవద్దు.