భూగర్భనిధులు - కాగితపు లెక్కలు

కాకినాడ సమీప సముద్రగర్భమున 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల సహజవాయువు కలదని 2005లో గుజరాతు ప్రభుత్వమువారు చాటిరి. 2009లో ఆమోదము పొందిన ప్రణాళికలో ఆ నిధి ఇంచుమించు పదవవంతునకు దిగినది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట! ఆ క్షేత్రముననే 80 శాతము వాటాను 2017లో కేంద్రప్రభుత్వ సంస్థయగు ఓ.ఎన్.జి.సి. 7,000 కోట్ల రూపాయలకు పైగా వెచ్చించి కొన్నది. ఆ ధనమెవరిది? ప్రజలది కాదా?

భూగర్భమున నున్నదంతయు వెలికిరాదు. వెలికివచ్చునదంతయు గిట్టుబాటు కాదు. ఈ మూడు లెక్కలను వేరువేరుగా, స్వతంత్ర నిపుణులు పరిశీలించిన పిమ్మటనే ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము. వాదియే సాక్షియు, న్యాయాధిపతియునైన వ్యాజ్యమున సత్యము నిలుచుట యెట్లు?