రంగులద్దే చేతికి పేరేది?

కొండపల్లి బొమ్మల ముచ్చట తెలంగాణ పత్రికకు ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. మన కొట్లాట ఏనాడూ ఆంధ్ర ప్రాంతపు కష్టజీవుల మీద కాదు. మన నీళ్లు, నిధులు, నియామకాలు మింగిన పెత్తనం మీద. బెజవాడ పక్కన కొండ కింద కూర్చుని కర్రకు ప్రాణం పోసే కళాకారుడు మనకు శత్రువు కాదు. అతని పక్కనే కూర్చుని ఆ బొమ్మకు కళ్లు దిద్దే ఆడమనిషి అసలే కాదు. ఈ వారం ఆమె గురించే మాట్లాడుకోవాలి. ఎందుకంటే ఆమెకు జరుగుతున్న అన్యాయం మనకు కొత్తది కాదు.

కొండపల్లి బొమ్మ ఒక్క చేతితో తయారు కాదు. చుట్టుపక్కల అడవుల నుంచి తెల్ల పొణికి కర్ర తేవాలి. తేమ పోయేదాకా ఆరబెట్టాలి, సన్నటి సెగ చూపాలి. కాళ్లూ చేతులూ తలా విడివిడిగా చెక్కాలి. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతికించాలి. నున్నగా రుద్ది, సున్నం పూసి, ఆపైన రంగులద్దాలి. ఇందులో ఉలి పట్టి చెక్కడం మగవాళ్ల పనిగా, రుద్దడం, పూత, రంగులు ఎక్కువగా ఆడవాళ్ల పనిగా తరతరాలుగా నడుస్తున్నది. ఏనుగు అంబారీ అయినా, దశావతారాలైనా, కొనేవాడి కన్ను మొదట పడేది రంగు మీదే. అయినా చెక్కినవాడు కళాకారుడు, రంగులద్దినామె "ఇంట్లో సాయం చేసే మనిషి". పని ఒక్కటే, పేర్లు రెండు.

ఆ బొమ్మల్లోని పల్లెను చూడండి. తాటిచెట్టు ఎక్కేది మగబొమ్మ. ఎడ్లబండి తోలేది మగబొమ్మ. మజ్జిగ చిలికేది, వడ్లు దంచేది, నీళ్లు చేదేది ఆడబొమ్మ. సంక్రాంతి కొలువులో పిల్లలు ఇదే చూసి పెరుగుతారు. నాట్లు వేసేది, కలుపు తీసేది, రాళ్లు మోసేది ఆడవాళ్లేనన్న నిజం ఆ కొలువులో ఎక్కడో మూలన పడిపోతుంది. ఇది బొమ్మ తప్పు కాదు. మన బుర్రలో ఉన్నదే కర్రలోకి ఎక్కింది.

పేరులో ఏముందని తీసిపారేయొద్దు. పేరు ఉన్నవారికే చేతివృత్తి గుర్తింపు కార్డు. కార్డు ఉంటేనే బ్యాంకు అప్పు, ఎగ్జిబిషన్‌లో స్టాలు, శిక్షణ, అవార్డు. "సాయం చేసే మనిషి"కి కార్డెందుకని వదిలేస్తే అప్పు ఆగుతుంది, స్టాలు ఆగుతుంది. రేపు ఆమె తన సొంత దుకాణం పెట్టుకుంటానంటే చూపడానికి కాగితం ఉండదు. ఆడవాళ్లకు వ్యాపారం చేతకాదని అనే లోకమే ముందు ఆ వ్యాపారానికి కావలసిన మెట్లన్నీ తీసేస్తున్నది.

మన దగ్గర వేరుగా ఉందా? సిరిసిల్లలో సాంచాల మీద ఎక్కువగా మగవాళ్లు, ఇండ్లల్ల బీడీలు చుట్టేది ఆడవాళ్లు. చేనేతలో మగ్గం మీద కూర్చున్నవాడే నేతగాడు. కండెలు చుట్టి, ఆసు పోసే ఆడమనిషి లెక్కలోకే రాదు. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే మేకుల చుట్టూ చేయి వేల సార్లు తిప్పాలి. భుజాలు పడిపోయే పని. తరాల తరబడి దానికి ఒక యంత్రం కావాలని ఎవరికీ తోచలేదు. ఆడవాళ్ల పని కదా! ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం తన తల్లి భుజాల నొప్పి చూసి, 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి తల్లి లక్ష్మి పేరు పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఒక కొడుకు కళ్లు తెరిస్తే అంత మార్పు వచ్చింది. ప్రభుత్వాలు, సంఘాలు కళ్లు తెరిస్తే ఎంత రావాలి?

ఆఫీసుల్లో చదువుకున్నవాళ్లం మేలు అనుకుంటే పొరపాటే. ఉమ్మడి రాష్ట్రంలో 1984లో సర్వీసు నిబంధనల్లోకి 22-ఎ వచ్చింది. ఆడవాళ్లకు 30 శాతం ఉద్యోగాలన్న ఆ నిబంధనను 1995లో సుప్రీంకోర్టు సమర్థించింది. తర్వాత అది మూడో వంతు అయింది. మంచిదే. కానీ అదే నిబంధనలో "మగవారికంటే ఆడవారు ఎక్కువ తగిన ఉద్యోగాలు" అని ఒక వర్గం పెట్టారు. తగినవేవో తేల్చేదెవరు? హక్కు ఇచ్చిన చేయే గీత కూడా గీసింది. ఇక రాష్ట్రం వచ్చాక ఏం జరిగింది? బతుకమ్మలతో రోడ్లెక్కి, సకల జనుల సమ్మెలో నిలబడిన ఆడబిడ్డల రాష్ట్రంలో 2014 జూన్ నుంచి 2019 సెప్టెంబర్ దాకా ఒక్క మహిళా మంత్రి లేదు. ఉద్యమానికి తగిన మనిషి పాలనకు తగదా?

తగదనే మాట మనకు బాగా తెలుసు. 1952లో ముల్కీ విద్యార్థులు రోడ్డెక్కింది ఎందుకు? స్థానికులకు అర్హత లేదంటూ ఉద్యోగాలు బయటివారికి పోతున్నందుకు. తెలంగాణోళ్లు సోమరులు, వారికి సేద్యం రాదు, భాష రాదు అని ముద్ర వేశారు. సినిమాలో మన యాసను రౌడీకో, జోకరుకో అంటగట్టారు. ముద్ర ముందు నవ్వులాట లాగే వస్తుంది. తర్వాత అది నియామకపు జాబితా అవుతుంది, కూలి రేటు అవుతుంది. ఆ దెబ్బ తిన్న మనం ఇంట్లో, ఆఫీసులో, సంఘంలో అదే ముద్ర వేస్తే మన ఆత్మగౌరవానికి అర్థమేముంది?

"కుటుంబమంతా కలిసి చేసే పని, డబ్బులు ఆ ఇంట్లోకే వస్తాయి, విడివిడి లెక్కలెందుకు?" అంటారు. పేద కళాకారుడి ఇంట్లో తగువు పెడుతున్నామని నిష్ఠూరమాడతారు. మిగులు నిధుల లెక్క అడిగినప్పుడు మనకు చెప్పిందీ ఇదే. తెలుగువాళ్లమంతా ఒక్క తల్లి బిడ్డలం, లెక్కలెందుకన్నారు. లెక్క తేల్చడానికి 1969లో భార్గవ కమిటీ వేయాల్సి వచ్చింది. లెక్క అడిగితే ఇల్లు కూలదు. లెక్క దాచినప్పుడే బీట పడుతుంది. అయినా మనం అడిగేది కళాకారుడి వాటాలో కోత కాదు. బొమ్మకు దక్కే ధరలో, గుర్తింపులో రంగు చేతికి చోటు.

మా డిమాండ్లు చిన్నవే. కొండపల్లిలో, నిర్మల్‌లో, పోచంపల్లిలో పనిచేసే ప్రతి ఆడమనిషికీ ఆమె పేరు మీదే గుర్తింపు కార్డు ఇవ్వాలి. సహకార సంఘాల్లో సభ్యత్వం, పదవులు ఇవ్వాలి. ఉలి పట్టే శిక్షణ ఆడపిల్లలకు, రంగుల శిక్షణ మగపిల్లలకు కూడా ఇవ్వాలి. ఆర్డరు ఇచ్చే ప్రభుత్వ దుకాణాలు చెక్కడానికెంత, రంగుకెంత అని ధరను విడదీసి రాయాలి. ఇక ఉద్యోగ సంఘాల మిత్రులారా, విద్యార్థి నాయకులారా! మీ సంఘం కార్యవర్గం జాబితా ఒకసారి తీసి చూడండి. అధ్యక్షుడి పక్కన ఆడవాళ్ల పేర్లెన్ని? మహిళా విభాగం అని రాసిన ఆ ఒక్క గడి బయట వాళ్లు ఎక్కడున్నారు? వచ్చే ఎన్నికల్లోపు ఆ జాబితా మారాలి.