చెట్ల చుట్టరికాలు

చుట్టరికాలు మనుషులకు గాని చెట్లకేమిటి అనిపించవచ్చు. కేసముద్రంవైపు పల్లెల్లో గాని, మరెక్కడైనా గాని, తాటిచెట్టును పెనవేసుకొన్న మర్రిని చూచినవారు ఆ మాట అనరు. ఏ పక్షో మర్రిపండు తిని తాటిమట్టల సందున గింజ విడిచిపోతుంది. అక్కడ చేరిన దుమ్ములో అది మొలుస్తుంది. నాలుగాకుల మొక్కగా ఉన్నన్నాళ్లు దానివల్ల తాటికి నష్టం లేదు; వచ్చిన చుట్టమే. వేళ్లు దిగి నేలను అందుకొన్నాక ఆ చుట్టం ఆసామీ అవుతుంది. కొమ్మలు పరచి తాటికి వెలుతురు అందనివ్వదు. చివరకు తాటి ఎండిపోతుంది, మర్రి మిగులుతుంది.

ఈ మార్పు మర్రికీ తాటికీ మాత్రమే పరిమితం కాదు. మన అడవులు వేసవిలో ఆకురాల్చేవి. ఆ ఎండలకు లేతమొక్క బ్రతకాలంటే పెద్దచెట్టు నీడ ఎంతో మేలు చేస్తుంది. ఆ మొక్కే నిలువెత్తు ఎదిగేసరికి, నీడనిచ్చిన చెట్టుతోనే నీటికీ వెలుతురుకూ పోటీపడవలసి వస్తుంది. టేకు సంగతి మరొకటి. దాని మొక్కకు ఎండ కావాలి. చిక్కటి నీడలో అది ఎదగలేదు. కనుక ఏ చెట్టు ఏ చెట్టుకు మిత్రమో ఒకసారి చూచి చెప్పేస్తే చాలదు. ఏ వయస్సులో, ఏ కాలంలో అని కూడా అడగాలి.

మరి బలమైన జాతి ఒక్కటే అడవినంతా ఎందుకు ఆక్రమించుకోదు? 1970లో జాన్జెన్, 1971లో కానెల్ అనే శాస్త్రజ్ఞులు దీనికొక సమాధానం చెప్పారు. తల్లిచెట్టు దగ్గర ఆ జాతిని పట్టి పీడించే పురుగులూ తెగుళ్లూ పోగుపడి ఉంటవి. అందువల్ల తల్లి కాళ్లదగ్గర పడిన గింజకు గండం ఎక్కువ. దూరంగా, పరాయి చెట్ల మధ్య పడినదానికి బ్రతికే అవకాశం ఎక్కువ. అంటే అక్కడ సొంతవారికంటె పొరుగువారే నయమన్నమాట!

ఇవన్నీ తేల్చడానికి ఏళ్ల తరబడి ఒకే అడవిని చూడాలి. పనామా దేశంలోని ఒక దీవిలో 50 హెక్టార్ల అడవిని 1980లో హద్దులు గీసి, అందులోని చెట్లను సుమారు ఐదేండ్లకొకమారు లెక్కపెడుతున్నారు. మన దేశంలో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌వారు 1988లో తమిళనాడులోని ముదుమలైలో అంతే విస్తీర్ణంలో యీ పని ప్రారంభించారు. అక్కడ ఏనుగులు విరిచి తినడంవల్ల కొన్ని జాతులు బాగా తగ్గిపోయినవి. నిప్పు చిన్నమొక్కలను చంపింది. పరాయిదేశపు లాంటానా పొదలు విస్తరించినవి. ఒక జాతి తగ్గితే దాని పక్కనున్న వాటి బ్రతుకూ మారుతుంది.

మన ప్రాంతపు అడవికి ఒక్కరోజులోనే పెద్దమార్పు వచ్చిపడింది. 2024 ఆగస్టు 31 రాత్రి వానలకు కేసముద్రం, ఇంటికన్నెల మధ్య రైలుకట్ట కోసుకుపోయి రైళ్లు ఆగిపోయిన సంగతి చాలమందికి గుర్తుండే వుంటుంది. ఆనాటి సాయంకాలమే ఈశాన్యాన తాడ్వాయి అడవిలో సుడిగాలి రేగి చెట్లను కూకటివేళ్లతో పెళ్లగించింది. 50,000కు పైగా కూలినవని అధికారుల తొలి అంచనా.

పెద్దచెట్లు కూలినచోట నేలకు ఎండ తగులుతుంది. ఎండ కోరే మొక్కలు ముందు లేస్తవి. తునికి, మోదుగ వంటివి వేళ్లనుంచే పిలకలు వేయగలవు. నీడను ఓర్చుకొనే జాతులు తర్వాత వస్తవి. అయితే యీ వరుస సాగాలంటే చుట్టుపక్కల గింజనిచ్చే చెట్లు ఉండాలి, ఆ గింజను మోసే పక్షులూ జంతువులూ ఉండాలి, నిప్పు పడకూడదు, పశువులు లేతచిగుళ్లు తినిపోకూడదు.

పడినచోటనల్లా వెంటనే ఒకేజాతి మొక్కలు వరుసగా నాటితే పచ్చదనం త్వరగా కనిపిస్తుంది, నిజమే. కాని పురుగుకూ తెగులుకూ అది పరచిన విస్తరి. పత్తిలో కంది సాళ్లు వేసే రైతుకు యీ మాట కొత్తకాదు. అంతేకాదు, ఇప్పపువ్వుకూ, తునికాకుకూ అడవికి పోయేవారికి టేకు ఒక్కటే ఉన్న అడవిలో ఏం దొరుకుతుంది? తాడ్వాయిలో ఆ ఖాళీలు ఏ చెట్లతో నిండుతవో ఏటేటా లెక్కపెట్టి చూడవలసిన పని యిప్పుడు మనముందున్నది.