దుఃఖపు పాట బిడ్డలకు తగునా?

పాఠశాల పత్రికలో పాటను గూర్చి వ్రాయుట యేల యని కొందరు తలిదండ్రులు ప్రశ్నింపవచ్చును. ఈ వాదము మా తరగతి గదులలో పుట్టి, మీ యిండ్ల అరుగులమీదికి ప్రాకినది. అరుగులమీదినుండి మరల మాయొద్దకే తీర్పునకు వచ్చినది. కనుక మా యభిప్రాయమును దాచక చెప్పుట మా విధియని తలంచితిమి.

హైదరాబాదునకు చెందిన 'చౌరస్తా' యను గాయక బృందము ఈ శతాబ్దపు రెండవ దశాబ్దములో 'ఊరెళ్ళిపోతా మామా' యను పాటను వెలువరించినది. మాటలు పల్లెవి, లయ గిటారు మొదలైన పాశ్చాత్య వాద్యములది. ఇట్టి కలయికను పాశ్చాత్య దేశములలో జానపద రాక్ సంగీతమందురు. నగర జీవనముతో విసిగిన మనుష్యుడు తన యూరికి మరలిపోవలెనని కోరుటయే దాని సారము. కంఠములో బెంగ యున్నది. మా పై తరగతుల బాలురు కొందరీ పాటను ఫోనులో పదే పదే వినుచుండిరి. ఆ వినుటయే వాదమునకు మొదలు.

విన్నవారి యభిప్రాయములు నాలుగు విధములుగా నున్నవి. ఒక తండ్రిగారు, "పిల్లలు ఉత్సాహముగా నుండవలసిన వయస్సున ఈ యేడ్పు పాటలెందుకు? మరమగ్గము దగ్గర పండ్రెండు గంటలు నిలుచుండి యింటికి వచ్చినవానికి ఇంకొకని బెంగ వినిపించుట న్యాయమా?" యని యడిగిరి. భజనలు పాడు వృద్ధులొకరు, "పల్లె పాటకు డప్పు చాలును, తాళములు చాలును, గిటారు తగిలించినచో అది పల్లె పాట గాదు, పట్నపు వేషము" అనిరి. ఒక యవ్వ బీడీలు చుట్టుచు, తల యెత్తకయే, "ఏ ఊరికి పోతవు బిడ్డా? ఆడ మనకేమున్నది? మన మగ్గం ఈడ్నే ఉన్నది, మన మట్టి గూడ ఈడ్నే" అన్నది. నాలుగవ మాట తొమ్మిదవ తరగతి బాలికది. "పాటలో నాకు తెలియని మాటలుండెను. అమ్మ నడిగితిని. అమ్మ మూడు రాత్రులు తమ తాతగారి యూరి సంగతులు చెప్పినది. అంతకు ముందెన్నడును చెప్పలేదు" అని యామె వ్రాసి యిచ్చినది.

ఈ నలుగురిలో ఎవరి మాటయు త్రోసివేయదగినది గాదు. కాని నాలుగును ఒక్కసారిగా నిలువజాలవు. కనుక ఒక్కొక్కదానినే విచారింతము.

మొదటిది, దుఃఖపు పాట వినినచో మనస్సు క్రుంగునను భయము. బోయవాని బాణమునకు కూలిన క్రౌంచ పక్షిని చూచి కలిగిన శోకమునుండియే వాల్మీకి నోట శ్లోకము పుట్టినదని మనము చిన్ననాటినుండి వినుచున్నాము. రసము కరుణ యొక్కటే యని భవభూతి యభిప్రాయము. అంత దూరము పోనేల? కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి 'పుష్పవిలాపము'ను ఘంటసాల వేంకటేశ్వరరావుగారు గ్రామఫోను రికార్డులో గానము చేసిరి. పూజకై పూలు కోయ వచ్చినవానితో పూలు మొరపెట్టుకొను ఘట్టమది. దానిని విని కన్నీరు పెట్టని తెలుగు ఇల్లాలు అరుదు. ఆ కన్నీటివలన ఎవరును నిర్వీర్యులు కాలేదు. కొమ్మమీద చేయి వేయునప్పుడొక్క క్షణము ఆగుట మాత్రము నేర్చుకొనిరి.

మన జిల్లాలోనే పండరిపురము గలదు. ఆషాఢ ఏకాదశికి లక్షలాది వారకరీలు కాలినడకను అచ్చటికి చేరుదురు. వారి నోట నడయాడు తుకారాముని అభంగములలో ఎంత వేదన యున్నదో మరాఠీ చదువుకొన్న మన బిడ్డలెరుగుదురు. కరువులో ఇల్లాలిని పోగొట్టుకొన్నవాడాయన. అయినను ఆ వేదనను పాడుచున్నవారు నేలపై కూలబడుట లేదు; నడచుచున్నారు. కలసి పాడిన దుఃఖము కాళ్ళకు బలమిచ్చును. ఒంటరిగా చెవిలో గొట్టములు పెట్టుకొని రాత్రి తెల్లవార్లు వినిన దుఃఖము వేరు. తండ్రిగారి భయములో సత్యమున్నంత వరకు అది ఈ రెండవ దానిని గూర్చియే. కావున పాటను మాన్పింపనక్కరలేదు. పిల్లవానితోపాటు కూర్చుండి ఒక్కసారి వినుడని మా సలహా.

రెండవది, గిటారును గూర్చిన యాక్షేపణ. ఇది మన వాడలో క్రొత్త గాని లోకములో ప్రాతది. అమెరికాలో బాబ్ డిలన్ జానపద ఫణితిలో పాడి పేరు తెచ్చుకొన్నవాడు. 1965 జూలై 25న న్యూపోర్టు జానపద సంగీతోత్సవములో ఆయన విద్యుత్ గిటారు చేతబట్టి వేదిక నెక్కగా సభలో కొందరు కేకలు వేసి నిరసించిరి. జానపదమునకు ద్రోహము జరిగినదని వాదించినవారు నాడనేకులు. ఆ గాయకునకే 2016లో నోబెలు సాహిత్య పురస్కారము లభించినది. ఇంకొక ఉదాహరణము గలదు. పాల్ సైమన్, ఆర్ట్ గార్ఫంకెల్ అను ఇద్దరు యువకులు 1964లో నిశ్శబ్దమును గూర్చిన విషాద గీతమొకటి వట్టి గిటారుతో పాడిరి. ఆ రికార్డు అమ్ముడుపోలేదు, జంట విడిపోయినది. మరుసటి యేడు నిర్మాత టామ్ విల్సన్ వారికి తెలుపకయే ఆ గానమునకు విద్యుత్ గిటారును, డ్రమ్ములను జతచేయించెను. 1966 జనవరిలో ఆ పాట అమెరికాలో మొదటి స్థానమున నిలిచినది.

దీనినిబట్టి వాద్యము మార్చినచో పాట తప్పక మెరుగగునని మేమనుట లేదు. అడుగకుండ చేర్చుట మర్యాద కాదు, చేర్చినదంతయు బాగుండదు. కాని మన వృత్తినే చూడుడు. మన పెద్దలు గుంత మగ్గము మీద నేసిరి, తరువాత మరమగ్గము వచ్చినది, జకార్డు వచ్చినది. ఆ జకార్డు మీదనే షోలాపురపు దుప్పటి దేశ దేశములకు పేరు తెచ్చినది. మగ్గము మారినందున నేత నేత కాకపోలేదు. అయితే చేతి మగ్గము పోవుటతో కొంత పనితనమును పోయినదని మన వృద్ధులెరుగుదురు. పాట విషయమునను అంతే. గిటారు వచ్చుటలో తప్పులేదు. గిటారు వచ్చినదని అవ్వ గొంతును మరచుటలో తప్పున్నది.

మూడవది అవ్వ మాట. అన్నిటిలోను గట్టిది ఇదియే.

మన పూర్వులు తెలంగాణము నుండి, అనగా ఆనాటి నిజాము రాజ్యములోని పల్లెల నుండి, మగ్గమునకు పని వెదకుచు ఈ పట్టణమునకు వచ్చిరి. 1860లో రైలు దారి షోలాపురమునకు చేరినది. 1870ల దశకములో ఇచ్చట బట్టల మిల్లు వెలసినది. నూలును, అంగడియు, కూలియు నున్న చోటికి నేతగాడు రాక తప్పదు. వచ్చినవారికి ఇదియు పూలపాన్పు గాలేదు. 1949 ఆగస్టులో షోలాపురము స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు మూతపడగా వేలమంది శ్రామికులు వీధిన నిలిచిరి. 1950 జనవరిలో భారత ప్రభుత్వము దాని నిర్వహణమును తన చేతికి తీసికొనవలసి వచ్చినది. ఆ వ్యవహారము సుప్రీంకోర్టు దాక పోయినది. ఇన్నిటిని దాటి మనవారిచ్చట ఇండ్లు కట్టిరి, మార్కండేయుని గుడి కట్టిరి, మన బడులు పెట్టిరి. శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయుని రథము వెడలునప్పుడు ఈ వీధులు ఎవరివో ఎవరికిని చెప్పనక్కరలేదు.

అట్టి బిడ్డ, "ఊరికి పోయెద"నని పాడినచో అవ్వకు కోపము రాదా? అతడు చూడని యూరికై బెంగపడుచు, తాను పుట్టిన వాడను పరాయిదిగా భావించునేమో యని ఆమె భయము. ఈ భయము మాకును గలదు. ఎరువు తెచ్చుకొన్న దుఃఖము ఎరువు తెచ్చుకొన్న నగవంటిది. ధరించినప్పుడు అందముగా నుండును, మనది గాదు. హైదరాబాదు పాటలోని ఊరు ఆ గాయకులకు నిన్న మొన్న విడిచిన యూరు. మనకు ఊరన్నచో తాతముత్తాతల నోటి మాట. మన యూరు ఇదియే.

అయినచో పాటను మా బాలురు విడువవలెనా? ఇచ్చటనే నాలుగవ మాట, ఆ బాలిక మాట, మా తీర్పును మార్చినది. ఆమె ఊరికి పోవలెనని కోరలేదు. తెలియని మాటకు అర్థమడిగినది, అంతే. ఆ ప్రశ్నతో తల్లి నోరు విప్పినది. ఎన్ని యేండ్లుగనో మూతపడియున్న పెట్టె యొకటి తెరచుకొన్నది. ఏ పాఠ్యపుస్తకమును ఆ పని చేయలేదు. మేమును చేయలేదని ఒప్పుకొనుచున్నాము.

మన నిజమైన దుఃఖమేదో ఇప్పుడు చెప్పవచ్చును. ఊరు దూరమగుట కాదు, మాట దూరమగుట. బిడ్డ అంగడిలో మరాఠీ మాటలాడును. చలనచిత్రముచే హిందీ నేర్చును. కొలువుకొరకు ఇంగ్లీషు చదువును. ఇవన్నియు కావలసినవే. మరాఠీ మనకు అన్నము పెట్టిన నేల భాష. దానిని ప్రేమతో నేర్వవలయును. కాని తెలుగు అమ్మతో ఆడుకొను నాలుగు మాటలకు కుదించుకొని పోవుచున్నది. మాటలాడ వచ్చును, చదువ రాదు. చదువ వచ్చినను వ్రాయ రాదు అను బిడ్డలు మన వాడలలో లేరా? అవ్వకు వచ్చిన బతుకమ్మ పాటలలో కోడలికి సగము వచ్చును; మనుమరాలికి చప్పట్లు మాత్రము వచ్చును. కండెలు చుట్టుచు పాడుకొన్న పాటలను వ్రాసి పెట్టినవారెందరు? ఏ రికార్డునకును ఎక్కని ఆ పాటలు పాడినవారితోనే వెడలిపోవుచున్నవి.

కావున మా యభిప్రాయమిది. ఆ పాటను విననిండు. నచ్చినవారు మెచ్చుకొనుడు, నచ్చనివారు ఎందుకు నచ్చలేదో చెప్పుడు. ఒక పాట విని ఒకే యింటిలో తాతయు మనుమడును వాదించుకొనుచున్నారన్నచో, వాదము తెలుగులోనే సాగుచున్నదన్నమాట. మౌనమున్న యింటి కంటె ఆ యిల్లు మేలు. కాని పరుల బెంగతో తృప్తిపడి ఆగవలదు.

విద్యార్థులారా! వచ్చు సెలవులలో మీ యింటి యవ్వ దగ్గర కూర్చుండి ఒక్క పాట యడుగుడు. జోలపాట గాని, బతుకమ్మ పాట గాని, పనిపాట గాని, ఏదైనను సరియే. ఏ ఫోనులో గిటారు వినుచున్నారో ఆ ఫోనులోనే ఆమె గొంతును నిలుపుడు. పిదప కాగితముమీద మీ చేతితో తెలుగులో వ్రాసి తెండు. తెలియని మాట క్రింద గీత గీచి, అవ్వ చెప్పిన యర్థమును ప్రక్కన వ్రాయుడు. మంచి వాటిని ఈ పత్రికలో అచ్చువేయుదుము. మీలో గిటారు నేర్చినవారుందురేని, వార్షికోత్సవమున ఆ పాటకే వాయింపుడు, అవ్వనడిగి వాయింపుడు.

తలిదండ్రులారా! బిడ్డ ప్రశ్న యడిగినప్పుడు పని యున్నదని త్రోసిపుచ్చకుడు. మగ్గము కొంతసేపు ఆగినను మరల నడచును. అవ్వ గొంతు ఒక్కసారి ఆగినచో మరల వినబడదు.