చేతిలో పని ఉంది, నోట మాట లేదు

ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో కర్మాగారాలున్నాయి. వరంగల్ రహదారిపై ఇంకాస్త ముందుకు వెళ్తే పోచారంలో ఇన్ఫోసిస్ ప్రాంగణం ఉంది. ఈ రెంటి నడుమ బస్తీల్లో పెరుగుతున్న మన ఐటీఐ విద్యార్థుల్లో చాలామంది తెలుగులోనో, ఉర్దూలోనో చదివినవారు. మోటారు విప్పి బిగించగలరు. దాని మాన్యువల్ చదవమంటే మాత్రం తడబడతారు.

ఈ సమస్య ఇప్పుడు మరింత బరువెక్కింది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని చేపట్టింది. కొత్త యంత్రం ఆగినప్పుడు తెరపై వచ్చే హెచ్చరిక చదవలేనివాడు హెల్పరుగానే మిగిలిపోతాడు. గల్ఫ్ వెళ్ళేవారి సంగతి మరీ కష్టం. చదవని ఒప్పందంపై సంతకం పెట్టి, అక్కడ వేరే పని అప్పగించాక చింతించి ప్రయోజనమేమిటి?

లోపం పిల్లల తెలివిలో లేదు, నేర్పే తీరులో ఉంది. వ్యాకరణ సూత్రాలతో మొదలుపెడితే పదో తరగతినాటి భయమే మళ్ళీ పట్టుకుంటుంది. నిజానికి ఫ్యూజు, వైండింగు, బేరింగు, గేజి వంటి ఇంగ్లీషు మాటలు వారి నోట రోజూ ఆడుతున్నవే. ముందు వాటిని చదవాలి, రాయాలి. తర్వాత ‘ఫ్యూజు పోయింది, మార్చాను’ వంటి చిన్న వాక్యాలు ఇంగ్లీషులో చెప్పాలి. వ్యాకరణం ఆ వెనుక వస్తుంది.

పరాయి భాష నేర్చుకుంటే మన భాష, ధర్మం పలచబడతాయన్న అనుమానం అక్కర్లేదు. ఉత్తరప్రత్యుత్తరాల అవసరం కోసం యూదుల లిపి నేర్చుకొమ్మని దైవప్రవక్త (స) హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)ను ఆదేశించారు. 1918లో ఉర్దూ మాధ్యమంతో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఇంగ్లీషును తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచింది.

ఇంగ్లీషు ఒక్కటే ఉద్యోగం ఇవ్వదు. పని రానివాడికి మాట ఎంతో దూరం తోడురాదు. కాని పని వచ్చినవాడు మాట లేక వెనుకబడటం అన్యాయం.

బద్ర్ యుద్ధ ఖైదీల్లో అక్షరజ్ఞానం ఉన్నవారికి పదేసి మంది పిల్లలకు చదువు నేర్పడమే విడుదల మూల్యమైంది. మన మధ్య రిటైరైన ఉపాధ్యాయులున్నారు, ఐటీ ఉద్యోగులున్నారు. మస్జిద్ కమిటీలు వారిని పిలిచి, ఇషా నమాజు తర్వాత వారానికి మూడు రోజులు ఒక గంట తరగతి పెట్టలేవా? ఆడపిల్లలకు పగటిపూట ఏర్పాటు చేయవచ్చు. తల్లిదండ్రులు చేయవలసింది ఒక్కటే: ఇంగ్లీషు రాలేదని కోర్సు మధ్యలో పిల్లలను మాన్పించకండి.