మీ నంబరు సరే మియా, బేగం నంబరేది?



షార్జాలో పరుగెత్తే మా మియాలకు ఏటా ఒకటే బహస్: ఈసారి ఏ ఊరు? శనివారం ఫజర్ నమాజు అయ్యాక మమ్‌జర్ కార్నిష్ మీద పదిమందిమి పరుగెత్తి, కరక్ చాయ్ కప్పులు పట్టుకుని కూర్చుంటాం. ఒకరు బెర్లిన్ అంటారు. ఇంకొకరు ఇస్తాంబుల్ అంటారు. నిజామాబాద్ భాయ్ ఒకాయన టోక్యో తప్ప ఇంకోటి మాట్లాడడు. టోక్యో, బోస్టన్, లండన్, బెర్లిన్, షికాగో, న్యూయార్క్, 2025 నుంచి సిడ్నీ కూడా కలిపి ఏడు 'మేజర్' మారథాన్‌లు. మొదటి ఆరూ పూర్తి చేసినవాళ్లకు విడిగా ఒక పెద్ద మెడల్ ఇస్తారు. ఆ మెడల్ షౌఖ్ పట్టుకుందంటే చాలు, బ్యాంకు ఖాతా, ఏడాది ఛుట్టీ రెండూ దాని వెనకే పోతాయి.

మొన్న ఆ చాయ్ దగ్గర నేనో మాట అన్నాను. అప్పటినుంచి ఇద్దరు దోస్తులు నాతో సరిగా మాట్లాడటం లేదు. ఆ మాటే ఇక్కడా అంటున్నాను. ఊరు ఎంచుకునేముందు ఒక్క సవాల్ వేసుకోండి: ఆ పొద్దున పరుగు మొదలయ్యే గీత దగ్గర మీ బేగం కూడా నంబరు పెట్టుకుని నిలబడుతుందా? నిలబడదంటే ఆ ఊరు వద్దు.

ఇది ఇంకొకరికి నసీహత్ కాదు. ముందు నా గునాహ్ చెప్పుకుంటాను.

కొన్నేళ్ల కింద నవంబరులో ఇస్తాంబుల్ మారథాన్‌కు వెళ్లాను. 1979 నుంచి జరుగుతున్న పరుగు అది. ఆసియా వైపు మొదలై, బాస్ఫరస్ మీది వంతెన దాటి, యూరప్‌లోకి దిగుతుంది. మామూలు రోజుల్లో ఆ వంతెన మీద కాలినడకన పోనివ్వరు. ఏడాదికి ఆ ఒక్క పొద్దున కింద నీళ్లు, ముందు మీనార్లు చూస్తూ పరుగెత్తొచ్చు. నేను ఏడ్చేశానంటే నమ్మండి. ఆ టైముకు మా బేగం ఎక్కడుంది? హోటల్ గదిలో, పిల్లలతో, మా నలుగురి సామాన్లు సర్దుతూ. మధ్యాహ్నం మెడలో మెడల్ వేసుకుని వస్తే మా చిన్నది నా నంబరు కాగితం చేత్తో తడిమి "అమ్మీది ఏది?" అంది. అందరం నవ్వేశాం.

తిరిగొచ్చిన వారానికి ఆ పరుగు వెబ్‌సైటు మళ్లీ తెరిచాను, ఫోటోల కోసం. అదే రోజు, అదే వంతెన మీద 15 కిలోమీటర్ల పరుగు ఉంది. మామూలు జనం కోసం ఇంకా చిన్నది కూడా ఉంది. నేను నా పేరు కట్టిన పేజీలోనే, నా లైను కిందనే ఉంది. అర్జీ నింపేటప్పుడు కిందికి చూడనే లేదు. చూడకూడదని కాదు, చూడాలన్న ఖయాల్ రాలేదు. ఏది ఎక్కువ తప్పో నాకు ఇప్పటికీ తెగలేదు.

42 కిలోమీటర్లు పరుగెత్తడానికి పదహారు వారాల తయారీ కావాలి. వారానికి నాలుగు పొద్దులు. నవంబరు పరుగంటే తయారీ జూలై మధ్యలో మొదలు. జూలైలో గల్ఫ్ ఎట్లుంటుందో ఇక్కడ బతికేవాళ్లకు చెప్పక్కర్లేదు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు బయటి పని వద్దని ఇక్కడి హుకూమతే ఖానూన్ పెట్టింది. (మనం షౌఖ్ కోసం పరుగెత్తే కార్నిష్ పక్కనుంచే, మన కరీంనగర్, కడప పిల్లల్ని ఎక్కించుకున్న లేబర్ బస్సులు పోతుంటాయి. ఆ మాట ఇంకోసారి రాస్తాను.) అంటే ఎండ రాకముందే పరుగు ముగించాలి. మూడున్నరకు లేవాలి. అలారం నాది, లేచేది ఆమె. ఖర్జూరాలు, నీళ్ల సీసా, ఉతికిన బనీను ఆమె చేతినుంచి వచ్చేవి. నేను పరుగెత్తి వచ్చి పడుకుంటే పిల్లల టిఫిన్, స్కూల్ బస్సు ఆమెవి. పదహారు వారాలు! ఆ మెడల్ మీద ఆమె నీంద్ కూడా ఉంది, పేరు మాత్రం నాది. దీన్ని ఇన్సాఫ్ అంటే నేను ఒప్పుకోను.

"మా బేగంకు పరుగు మీద దిల్‌చస్పీ లేదు భాయ్" అంటారు. అడిగారా? మా ఆమె కర్నూల్లో స్కూల్లో ఉండగా వంద మీటర్లలో ఫస్ట్ వచ్చేదట. పెళ్లయిన పద్దెనిమిదేళ్లకు నాకు తెలిసింది ఈ సంగతి, అదీ వాళ్ల అన్న నోటి నుంచి. నిజంగానే ఇష్టం లేకపోతే సరే, అది ఆమె హఖ్. అప్పుడు పదహారు వారాలకు బదులు ఆమెకు కావాల్సింది పదహారు వారాలు ఇవ్వండి. కుట్టు, ఖురాన్ తజ్వీద్ క్లాసు, లేదా ఉత్త నిద్ర.

రెండో బహానా హయా. మసీదు బయట ఒక పెద్దాయన నన్నాపి "ఔరతాఁ సడక్ మీద పరుగెత్తడమేంది బేటా" అన్నారు. పెద్దవారు, లిహాజ్ కొద్దీ ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను. హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్హా, హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం పందెం వేసుకుని పరుగెత్తిన సంగతి అబూ దావూద్ హదీస్ గ్రంథంలో ఉంది. మొదటిసారి ఆమె గెలిచారు. తర్వాతెప్పుడో ఆయన గెలిచి, అప్పటిదానికి ఇది బదులు అని నవ్వులాటగా అన్నారు. ఆ పరుగు ఇంటి వాకిట్లో జరిగింది కాదు, సఫర్‌లో. ఊరు కాని ఊళ్లో బేగంతో పరుగెత్తడం మనకు కొత్తగా వచ్చిన ఫ్యాషనేమీ కాదు మరి.

ఆడవాళ్లను ఆపింది మనమొక్కరమే కూడా కాదు. బోస్టన్ మారథాన్‌లో 1967లో క్యాథరిన్ స్విట్జర్‌ను పరుగు మధ్యలో ఒక నిర్వాహకుడు పట్టి లాగబోయాడు. 1972 దాకా అక్కడ ఆడవాళ్లకు ఇజాజత్ లేదు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మారథాన్ 1984లోగానీ పెట్టలేదు. ఇప్పుడు సిఫాన్ హసన్‌ను చూడండి. ఇథియోపియాలో పుట్టి నెదర్లాండ్స్ తరఫున పరుగెత్తే మన బేటీ. 2023లో రంజాన్ రోజాల్లోనే తయారై, ఈద్ అయిన రెండు రోజులకు లండన్‌లో మొదటి మారథాన్ పరుగెత్తింది. మధ్యలో నొప్పికి ఆగి, నడుం సాగదీసుకుని, మళ్లీ అందుకుని గెలిచింది. తన దేశపు క్రీడాకారిణులకు హిజాబ్ వద్దన్న ఫ్రాన్సులోనే, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మారథాన్ బంగారు మెడల్‌ను హిజాబ్‌తో అందుకుంది. సౌదీ తరఫున సారా అత్తార్ 2016 రియో మారథాన్‌లో తల కప్పుకునే పరుగెత్తింది. ఇక మమ్‌జర్ కార్నిష్ మీద మన ఇంటి ఆడవాళ్లు పరుగెత్తితే ఏ ఆస్మాన్ విరిగి పడుతుంది?

సరే, ఏ ఊరు మరి? బేగం కూడా పరుగెత్తాలనే నీయత్‌తో చూస్తే జవాబే మారిపోతుంది. మొదటిది మౌసమ్. ఇద్దరూ తయారవ్వాలంటే ఒకరు పరుగెత్తేటప్పుడు ఇంకొకరు పిల్లల దగ్గరుండాలి. జూలైలో అది కుదరదు, ఎందుకంటే పరుగెత్తగలిగే చల్లటి గంట ఒకటే. నవంబరు, డిసెంబరుల్లో అయితే ఆమెకు ఫజర్ తర్వాత, నాకు ఇషా తర్వాత. అంటే జనవరి పరుగు కావాలి. రెండోది రంజాన్. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కదా, 2027లో ఫిబ్రవరి 8 అటూ ఇటూగా మొదలవుతుంది. మార్చి మొదట్లో జరిగే టోక్యో సరిగ్గా రోజాల్లో పడుతుంది. సిఫాన్ పరుగెత్తిందని మనమూ దూకితే సెహరీ వండేదెవరు? మళ్లీ ఆమే. మూడోది వీసా. మన పాస్‌పోర్టు మీద అమెరికా, బ్రిటన్, షెంగెన్ లాంటి వీసా లేకుంటే తుర్కియే ఈ-వీసా దొరకదు, కాగితాల వీసాకు తిరగాలి. ఒకరికైతే ఎట్లో అవుతుంది. నలుగురికి ఆ ఫీజులు చూడగానే 'నేనొక్కణ్ణే పోయొస్తాలే' అన్న మాట మన నోటినుంచే ఊడిపడుతుంది. ఆ మాట పుట్టే చోటే ఇది.

ఇవన్నీ కలిపితే నా లెక్క ముంబై దగ్గర తేలింది. నవ్వకండి. జనవరి మూడో ఆదివారం, 2004 నుంచి జరుగుతోంది. వీసా లేదు, మూడు గంటల విమానం. 42 ఉంది, 21 ఉంది, 10 ఉంది, పిల్లాపాపలతో పోయే చిన్నదీ ఉంది. హాజీ అలీ దర్గా ముందునుంచే పోతుంది దారి. హైదరాబాద్ మారథాన్ ఎందుకు వద్దన్నారు దోస్తులు. అది ఆగస్టు చివర్లో, తయారీ అంతా ఎండల్లో, పైగా ఆ ఛుట్టీలో ఊరికి పోతే ఆడవాళ్లకు దావతులు, వంటిల్లు తప్ప పరుగెక్కడిది? 2029కి రంజాన్ జనవరి మధ్యకు వచ్చేస్తుంది. అప్పుడు ముంబై కూడా కష్టం. కనుక ఇప్పుడే.

నిజామాబాద్ భాయ్ అన్నాడు, "ఫారిన్‌లో ఉండి ముంబై పోతే అది డెస్టినేషన్ ఎట్లవుతుంది?" అని. నేను జవాబు చెప్పలేదు. ఆయన బేగం పక్కనే పిల్లాడిని ఎత్తుకుని నిలబడి, మా చాయ్ అయ్యేదాకా కార్లో కూర్చోవాలా వద్దా అని చూస్తోంది.

మా అమ్మీకి కర్నూలుకు ఫోన్ చేసి చెప్తే "కైకు జీ ఇత్తా భాగ్తే తుమ్హే? బహూకో భీ?" అంది. "హాఁ అమ్మీ, బహూకో భీ" అన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత, మంచి బూట్లు కొనిపెట్టమంది ఆమెకు.

వివరాలు చూపించి ఏది కావాలో ఎంచుకోమన్నాను. ముందు 10 కిలోమీటర్లది అంది. పేరు కట్టబోతుంటే ఆపి, "ముంబైలో సముద్రం మీద పెద్ద వంతెన ఉంటుంది కదా, అది ఏ పరుగులో వస్తుంది?" అనడిగింది. బాంద్రా-వర్లీ సీ లింక్. దాని మీద కూడా మామూలు రోజుల్లో కాలినడకన పోనివ్వరు.

"10లో రాదు. 21లో వస్తుంది."

"అయితే 21 కట్టండి" అంది. ఇద్దరికీ 21 కట్టాను.