లక్క గాజుల ఛాయాచిత్రాలు – మన బాధ్యత

లాడ్ బజారులోను, దాని పరిసరపు ఇండ్లలోను బొగ్గుల కుంపటిపై లక్కను కరగించి, లోహపు కడియానికి అద్ది, ఒక్కొక్క రాయిని చేతితో పొదుగు కళాకారుల నైపుణ్యానికి 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించుట మనకందరికీ గర్వకారణం. అయితే ఆ గాజును చేతిలోనికి తీసుకొని చూడజాలని దూరపు కొనుగోలుదారుకు వెబ్‌సైటులోని ఛాయాచిత్రమే గాజు. చిత్రంలోని రంగు వేరు, అందిన వస్తువు రంగు వేరు అయినచో ఆ పెట్టె తిరిగి వచ్చును. రానుపోను ఖర్చు చివరకు పడునది చేసినవారి కూలిపైననే. కావున ఛాయాచిత్రాన్ని సిద్ధం చేయుట, దాని బరువు తగ్గించుట చిల్లర పనులనియు, వాటితో కళాశాలకు నిమిత్తం లేదనియు కొందరు పెద్దలు వెలిబుచ్చు అభిప్రాయంతో మేము ఏకీభవించజాలము.

నేటి సాధారణమైన ఫోను తీయు చిత్రం తరచుగా 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 పిక్సెళ్ల ఎత్తు కలిగి, 3 నుండి 5 మెగాబైట్ల బరువుండును. నలభై జతల గాజులను ఉన్నవి ఉన్నట్లు ఒకే పుటలో ఎక్కించినచో సుమారు 160 మెగాబైట్లగును. సిగ్నలు సరిగా అందని ఊరిలో కూర్చొని, రోజువారీ డేటాను లెక్కచూసి వాడుకొను ఇల్లాలు అంతవరకు వేచియుండునా? అదే చిత్రం వెడల్పును 1200 పిక్సెళ్లకు కుదించి, జేపెగ్ నాణ్యతను 80 ప్రాంతంలో నిలిపినచో సాధారణంగా 200 కిలోబైట్లకు లోబడును. అప్పుడు నలభై చిత్రాలకు 8 మెగాబైట్లు చాలును. 2010లో గూగుల్ ప్రకటించిన వెబ్‌పీ రూపంలో అంతకన్న తక్కువకే దొరకును.

ఈ కుదింపు వెనుకనున్న గణితం మన విద్యార్థులు తప్పక తెలుసుకొనదగినది. డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అను ఆ పద్ధతిని 1974 జనవరిలో ప్రకటించినవారు బెంగుళూరులో జన్మించిన నాసిర్ అహ్మద్, ఆయన సహచరులు టి. నటరాజన్, కె. ఆర్. రావుగార్లు. 1972లో అహ్మద్‌గారు పరిశోధనకు ధనసహాయం కోరగా అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థ మంజూరు చేయలేదు. అయినను 1992లో వెలువడిన జేపెగ్ ప్రమాణానికి ఆ పద్ధతియే పునాది అయినది. ఉర్దూ శాఖవారు, తెలుగు శాఖవారు ఒకే గోడపై వ్రాసుకొనదగిన పేర్లివి!

జేపెగ్ పద్ధతి చిత్రాన్ని 8 పిక్సెళ్ల చదరపు గళ్లుగా విభజించి, కంటికి అంతగా ఆనని సూక్ష్మభేదాలను విడిచివేయును. మన కన్ను వెలుగునీడల తేడాను పట్టినంత నిశితంగా రంగుల తేడాను పట్టలేదు కనుక, రంగుల వివరాన్ని అడ్డంగాను నిలువుగాను సగానికి తగ్గించుట పరిపాటి. ముఖచిత్రాలకు, ప్రకృతి దృశ్యాలకు ఇందువలన లోపమేమియు కనబడదు. కాని ఎర్రని లక్కపై దగ్గరదగ్గరగా పొదిగిన తెల్లరాళ్లకు ఇదియే శత్రువు. రాయి అంచున ఎరుపు అలుకుకొనిపోయి, పనితనమంతయు మూసలో పోసిన చవక వస్తువువలె కనిపించును. ఇట్టి చిత్రాలకు రంగుల వివరాన్ని తగ్గించని ఏర్పాటును ఎంచుకొనవలెను. అందుకు కొన్ని కిలోబైట్లు పెరిగినను పెరగనిండు. ఒకసారి కుదించిన దానిని మరల తెరచి, దిద్ది, భద్రపరచిన ప్రతిసారి మరికొంత నష్టం జరుగును. కనుక మూలచిత్రాన్ని ముట్టక దాచి, దిద్దుబాట్లన్నియు ముగిసిన పిమ్మట ప్రతిని మాత్రమే కుదించుట క్షేమం. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపిన చిత్రం దారిలోనే కుదింపబడును. పంపక తప్పనిచో డాక్యుమెంటుగా పంపవలెను.

కుదింపు ఎంత చక్కగా చేసినను, తీయునప్పుడు చెడిన రంగు మరల రాదు. ట్యూబులైటు వెలుగు, కిటికీ వెలుగు కలిసినచో ఎరుపు ఒకవైపు నారింజగా, మరొకవైపు ఊదాగా తిరుగును. నేరుగా ఎండ సోకని కిటికీ ప్రక్కన, తెల్ల కాగితంపై గాజునుంచి తీసినచో చాలును. ఆ కాగితం తెలుపునుబట్టి రంగును సరిచూడవచ్చును. ధూళి మచ్చను చెరుపుట న్యాయమే. లేని తళుకును ఫిల్టరుతో అద్దుట మాత్రం తూకంలో మోసం వంటిది. కొలతను చిత్రంపై అచ్చొత్తక క్రింద అక్షరాలలో వ్రాయవలెను: 2-4, 2-6, 2-8 అని.

ఎవరును తలపెట్టని మరొక విషయమున్నది. రాళ్లు అద్దు స్త్రీలలో అనేకులు ఇంటినుండియే పనిచేయుదురు. ఫోనులో స్థలసూచన తెరచియున్నచో, ఆ యింటి అక్షాంశ రేఖాంశాలు ఛాయాచిత్రపు ఫైలులోనే చేరియుండును. ఆ వివరాన్ని తొలగించక చిత్రాన్ని బయటకు పంపుట వారి గడపను బజారున పెట్టుటయే. పై జాగ్రత్తలన్నిటికంటె ముందు దీనిని పాటించవలెనని మా దృఢాభిప్రాయం.

కళాశాల కార్యవర్గంవారికి మా మనవి స్వల్పమైనది. ఉత్తరపు కిటికీ గల గది ఒకటి, కంప్యూటరు ఒకటి, శనివారం మధ్యాహ్నం రెండు గంటలు అనుమతించవలెను. ఈ పనికి ఉచితంగా లభించు సాఫ్ట్‌వేరే చాలును. గాజుల తయారీ కుటుంబాలనుండి వచ్చిన విద్యార్థులు మన తరగతులలోనే ఉన్నారు. మొదటి జతలు వారి ఇండ్లనుండియే తెప్పించవచ్చును. రంజాను నెల ప్రవేశించినచో ఆ ఇండ్లలో ఎవరికిని తీరిక ఉండదు. కావున షాబాను మాసంలోనే ప్రారంభించుటకు అనుమతి దయచేయవలెనని కోరుచున్నాము.